తెలుపు మీద తెలుపు

పెయింటరు నోరు తెరిచాడంటే పొయ్యి మీద పాలు కూడా పొంగడం మానేసి వింటాయని ఆ టీకొట్టులో ఒక మాట ఉంది. దుకాణాలకు బోర్డులు రాయడం అతను నేర్చుకున్న పని, కోతలు కోయడం పుట్టుకతో వచ్చిన విద్య. సాయంత్రం నాలుగయ్యేసరికి నిచ్చెన తెచ్చి గోడకు ఆనిస్తాడు, కుంచెల పెట్టె ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుంటాడు, ఇక మొదలు. టీ బాబాయి గ్లాసులు తొలుస్తూ వింటాడు. పక్కనే సైకిళ్ళు బాగుచేసే కుర్రాయన చేతుల మసి గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి వింటాడు. మారు తాళంచెవులు చేసిచ్చే తాళాలాయన, నమ్మనని ముందే చెప్పేసి మరీ వింటాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, అక్కడ వినేవాళ్ళకు చెప్పేవాడూ లోకువే. రోజూ అదే ఆట.

ఆ రోజు మాత్రం అతని భార్య కూడా టీకొట్టుకు బయల్దేరింది. కథ వినడానికి కాదు. నలుగురిలో పెట్టి అతన్ని కడిగి ఆరేయడానికి.

ఆమె అక్కడికి మూడు మలుపుల అవతల ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆ పొద్దున్నే లాండ్రీకి కొత్త బోర్డు ఎక్కించారు. రాసింది ఆమె మొగుడే. పేరు నీలం రంగులో నిండుగా ఉంది, అక్షరాలకు నీడ కూడా దిద్దాడు. కానీ పేరు కింద ఉండాల్సిన ఫోన్ నంబరు లేదు, ఆ చోటంతా తెల్లగా బోసిగా ఉంది. "మీ ఆయన నంబరు మర్చిపోయాడమ్మా," అని ఓనరు నవ్వాడు. ఆమె స్టూలెక్కి, దుమ్ము తుడుస్తున్నట్టు చెయ్యి పెట్టి చూసింది. వేళ్ళ కింద రంగు ఉబ్బెత్తుగా తగిలింది. నంబరు ఉంది. ఎర్ర డబ్బా అనుకుని తెల్ల డబ్బాలో కుంచె ముంచి, తెల్ల బోర్డు మీద తెల్లగా రాసేశాడు. "నంబరు ఎర్రగా ఎలా మెరుస్తోందో రేపు చూడవే, దారినపోయేవాళ్ళు ఆగి మరీ ఫోన్ చేస్తారు," అని ముందురోజు ఇంటికొచ్చి చెప్పిన మనిషి.

ఆమె మెల్లగా స్టూలు దిగింది. "అవునండీ, మర్చిపోయారు, మళ్ళీ రాయిస్తాను," అంది ఓనరుతో. ఆ మాటతోనే మర్నాడికి సెలవు కూడా అడిగింది.

షుగరు జబ్బు అతన్ని పట్టుకుని చాలా ఏళ్ళయింది. అదిప్పుడు కళ్ళ మీదికొచ్చింది. వైద్యం మొదలుపెడితే ఉన్న చూపు నిలబెట్టడానికి చూస్తామని, పోయినదాన్ని మాత్రం తేలేమని కళ్ళ డాక్టరు ముందే చెప్పాడు. రమ్మన్న రోజున ఇతగాడు అర్జంటు బోర్డు ఉందంటూ నిచ్చెన భుజాన వేసుకుని వెనక సందులోంచి జారుకున్నాడు. అదేమని అడిగితే, "నా కళ్ళకేమైందే, చీమకు కాళ్ళెన్నో చెప్పమంటావా?" అన్నాడు. కొంచెం మసకేమోలే అని ఆమె సరిపెట్టుకుంది. మళ్ళీ రమ్మన్నది రేపు పొద్దున. ఈసారి కూడా ఎగ్గొడితే ఆ మిగిలిన వెలుగు కూడా ఉండదని ఆమెకు ఆ స్టూలు మీద అర్థమైంది.

చివరి మలుపు తిరిగేసరికే అతని గొంతు వినబడింది. ఆమె నిచ్చెన పక్కన ఒక్క క్షణం ఆగింది.

"ఏముందిరా ఇందులో," అంటున్నాడు పెయింటరు. "డాక్టరు ఒక్కటే మాట అన్నాడు, టీలో ఒక చెంచా పంచదార తగ్గించవయ్యా అని. ఒక చెంచా ఏమిటి సార్, అసలు చెంచానే అవతల పారేస్తాను అన్నాను. పారేశాను. అంతే! ఆ రోజు నుంచి ఇదిగో, ఈ చేదు టీ. అడగండి బాబాయిని, నా గ్లాసులో పంచదార గింజ పడి ఎన్నాళ్ళయిందో."

"అది మాత్రం నిజమే," అన్నాడు టీ బాబాయి. పంచదార వెయ్యొద్దని ఆమె ఏనాడో వచ్చి చేతులు పట్టుకుని అడిగి వెళ్ళిందని ఆయన చెప్పలేదు.

"కానీ పంచదార మానడం గొప్ప కాదురా, తీపి యావ ఉంది చూశారూ, దాన్ని లొంగదీయడం గొప్ప. సరిగ్గా ఈ టైముకే వస్తుంది, పిల్లిలా వచ్చి కాళ్ళకు చుట్టుకుంటుంది. యావ వచ్చినప్పుడు గ్లాసుడు మంచినీళ్ళు తాగి కాసేపు ఓపిక పట్టవయ్యా, అదే పోతుంది అన్నాడు డాక్టరు. తాగాను. పోలేదు. చెంబుడు తాగాను. పోలేదు సరికదా, నా ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. బిందె ఎత్తాను, ఆ తర్వాత బకెట్టు ఎత్తాను, ఇక చూసుకో, ఆ వీధి చివర నీళ్ళ ట్యాంకు లేదూ..."

"ఉంది కదన్నా," అన్నాడు సైకిలాయన.

"ఇప్పుడుంది. ఆ రోజు ట్యాంకుంది, నీళ్ళు లేవు. కుళాయిలన్నీ తిప్పితే గాలి. నీళ్ళు వదిలేవాడు పరిగెత్తుకొచ్చాడు, అయ్యా పెయింటరుగారూ, మీరు దయచేసి ఒక బిస్కట్టు తినండి, వీధిలో పసిపిల్లలున్నారు అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. తిన్నానా? ససేమిరా!"

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్యలో ఆమె వచ్చి, అతనికి సరిగ్గా ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంది. ఇద్దరికీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. టీ బాబాయి "రా అమ్మాయ్" అనబోతుంటే ఆమె పెదాల మీద వేలు పెట్టింది. తాళాలాయన సైకిలాయన్ని మోచేత్తో పొడిచాడు. ఈరోజు కథకు కొసమెరుపు ఉందన్నమాట అనుకుని ముగ్గురూ సర్దుకుని కూర్చున్నారు.

పెయింటరు తల తిప్పి ఆమె వైపు చూశాడు, మళ్ళీ తన కథలో పడ్డాడు. "చూసి కూడా ఎంత దర్జాగా కోస్తున్నాడో," అనుకుంది ఆమె. కానియ్యి, ఎంతవరకు కోస్తాడో చూద్దామని చేతులు కట్టుకుంది.

"నీళ్ళతో లొంగలేదని చెప్తే, డాక్టరు నడవమన్నాడు. తిన్నాక నాలుగడుగులు వేస్తే తీపి మీదికి మనసు పోదట. నాలుగడుగులేమిటి, లేచినవాణ్ణి లేచినట్టే బయల్దేరాను. యావ వెంటబడింది. నేను ముందు, అది వెనక. ఊరు దాటాను, ఇంకో ఊరు దాటాను, ఆ ఊళ్ళవాళ్ళు కిటికీల్లోంచి చూసి ఎవర్రా ఈ గాలిదుమారం అనుకున్నారు. ఎంత జోరుగా నడిచానంటే, ఒరేయ్, నా నీడ నన్ను అందుకోలేక దారిలో కూలబడిపోయింది. నేను ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక, పాపం, సాయంత్రం బస్సుకు దిగింది!"

"నీడకు టికెట్టు కొట్టాడా కండక్టరు?" అన్నాడు తాళాలాయన.

"నీడకు అర టికెట్టయ్యా, ఆ మాత్రం తెలీదూ?"

ఆమెకు కూడా నవ్వొచ్చింది. ఆపుకుంది. నడక సంగతి ఆమెకు తెలుసు. నడిచొస్తానని వెళ్ళినవాడు వీధి చివర బేకరీ అద్దం ముందు నిలబడి ఉండగా ఎన్నిసార్లు వెనక్కి తీసుకురాలేదు! చేతులు వెనక్కి కట్టుకుని, లోపలి కేకులను బంధువుల ఫోటోలు చూసినట్టు చూసేవాడు. మొదట్లో ఆమె పంచదార డబ్బా ఖాళీ చేసి పక్కింటికి ఇచ్చేసింది. ఆ రాత్రే వంటింట్లో డబ్బా మూతలు ఒక్కొక్కటీ తెరుచుకున్న చప్పుడు విని లేచి వెళ్తే, ఇంత మనిషీ ఉప్పు డబ్బాలో వేలు పెట్టి నాకి, మొహం చిట్లించి, మళ్ళీ ఇంకో డబ్బా తెరుస్తున్నాడు. ఒకసారి చిన్నపిల్లల దగ్గుమందు సీసా ఖాళీగా దొరికింది. అతనికి నోరూరకూడదని ఆమె కూడా టీలో పంచదార మానేసింది. అయినా చింత చచ్చినా పులుపు చావనట్టు, డబ్బా పోయినా యావ పోలేదు.

లాండ్రీలో మొదట నేర్పే పని జేబులు వెతకడం. ఆ అలవాటు ఇంట్లోనూ పోదు. ఒకప్పుడు అతని ప్యాంటు జేబుల్లో చాక్లెట్ కాగితాలు దొరికేవి, ఉండచుట్టి అడుగుకు నొక్కినవి. ఆమె అరిచింది, ఏడ్చింది, రెండు రోజులు మాట్లాడ్డం మానేసింది. ఆ తర్వాత ఎప్పటినుంచో జేబులు ఖాళీగా ఉంటున్నాయి. ఆ ఖాళీ జేబులు తిరగేసి దులిపినప్పుడల్లా ఆమె ప్రాణానికి హాయిగా ఉండేది. మనిషి మాట నిలబెట్టుకున్నాడు, ఒట్టి కోతలవాడేమీ కాదు అనుకునేది.

"ఇక నా వెంటబడి లాభం లేదని యావకే బుద్ధొచ్చింది," అంటున్నాడు పెయింటరు. "కానీ అసలు కష్టం ఎవరికొచ్చిందో తెలుసా? చీమలకు. మా వంటింట్లో చీమలు తరతరాలుగా ఉంటున్నాయి. పంచదార లేదని తెలిసి ఒకరోజు సామాను సర్దుకున్నాయిరా. గుడ్లు నెత్తిన పెట్టుకుని, ముసలి చీమల్ని మధ్యలో నడిపించుకుంటూ, గడప దగ్గర వరసగా నిలబడ్డాయి. వాటిలో పెద్దాయన చీమ ఒకటి ముందుకొచ్చి, అయ్యా, మా తాతలనాటి నుంచి మీ ఉప్పు తిన్నాం..."

"ఉప్పా, పంచదారా?" అన్నాడు టీ బాబాయి.

"ఉప్పనే అంటారు బాబాయ్, మర్యాదకు. మీ ఉప్పు తిన్నాం, ఇక సెలవిప్పించండి, ఎక్కడికి పొమ్మంటారో మీరే చెప్పండి అంది. కళ్ళనీళ్ళు తిరిగాయి నాకు. ఏం చేస్తాం, తాళాలాయన ఇంటికి పొండర్రా, ఆయన భార్య పంచదార డబ్బాకు మూత సరిగ్గా పెట్టదు అని చెప్పి పంపించాను."

"ఓరి నీ దుంపతెగ!" తాళాలాయన తొడ చరిచాడు. "అందుకేనా మా ఇంట్లో ఈ మధ్య చీమల బారులు!"

సైకిలాయన పొట్ట పట్టుకుని వంగిపోయాడు. టీ బాబాయి వడకట్టే గుడ్డతోనే కళ్ళు తుడుచుకోబోయి ఆగాడు. ముగ్గురూ పెయింటరుకు ఎడమవైపున ఉన్నారు. వాళ్ళు నవ్వుల్లో ఉండగా అతను మెల్లగా ఇటు, ఆమె వైపు, తిరిగాడు. కుంచెల పెట్టె మూత వేలెడంత తెరిచాడు. లోపల కుంచెల కింద చెయ్యి పెట్టి ఒక చాక్లెట్ తీశాడు. కాగితం చప్పుడు వినబడకుండా రెండుసార్లు దగ్గుతూ విప్పాడు. ఆమె మొహంలోకి సూటిగా చూస్తూనే దాన్ని నోట్లో వేసుకుని బుగ్గన పెట్టుకున్నాడు. ఆ కాగితాన్ని మళ్ళీ పెట్టెలోనే దాచాడు. చేదు టీ ఒక గుక్క తాగి, తీయగా అయిందేమో, కళ్ళు మూసుకున్నాడు.

ఆమె బిగుసుకుపోయింది.

మొదట జేబులు గుర్తొచ్చాయి. ఖాళీ జేబులు. కాగితాలన్నీ ఎటుపోయాయో ఇప్పుడు తెలిసింది. ఆ మంట లేచింది, కానీ నిలబడలేదు. దాని వెనకే ఇంకో సంగతి తోసుకొచ్చింది. దొంగతనంగా తినేవాడు పెళ్ళాం ఎదురుగా, ఆమె కళ్ళలో కళ్ళు పెట్టి తింటాడా? అటువైపు మనుషులున్నారని గొంతులు వినిపిస్తున్నాయి కాబట్టి ఇటు తిరిగాడు. ఇటువైపు ఎవరూ లేరనుకున్నాడు. ఆమె వచ్చినప్పుడు అతను తల తిప్పింది అలికిడికి, అంతే. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుంటే, అతనికి అక్కడ ఉన్నది ఒట్టి బల్ల.

ఆమె టీ బాబాయి వైపు చూసింది. ఆయన చూపు దించుకున్నాడు. ఖాళీ అయిన గ్లాసు తీసుకుని, ఇంకో గ్లాసు తెచ్చి, బల్ల మీద పెట్టకుండా పెయింటరు చేతిలోనే పెట్టి, వేళ్ళు దాని చుట్టూ ముడిచేవరకు వదల్లేదు. ఎన్నాళ్ళ నుంచో చేస్తున్నట్టు అలవాటుగా చేశాడు. అంటే ఈయనకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు కాబోలు. సైకిలాయన నవ్వు మధ్యలో ఆగింది. అతను వదిన మొహం చూశాడు, అన్న మొహం చూశాడు, చేతిలోని మసిగుడ్డ నలిపాడు. తాళాలాయన నోరు తెరిచి ఏదో అనబోయాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది.

నలుగురిలో కడిగేద్దామని వచ్చిన మనిషి, ఇప్పుడు ఎలా పిలవాలో తెలియక కూర్చుంది. పిలిస్తే నలుగురి ముందు అతని పరువు పోతుంది. పిలవకపోతే రేపటితో ఆ మిగిలిన చూపు పోతుంది, అది పోతే మళ్ళీ రాదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంట్రా, అందరూ బెల్లం కొట్టిన రాళ్ళలా ఉన్నారు?" అన్నాడు పెయింటరు, బుగ్గన చాక్లెట్ అటునుంచి ఇటు జరుపుకుంటూ. "చీమల మీద జాలేసిందా?"

"లేదన్నా, చెప్పు, తర్వాత?" అన్నాడు సైకిలాయన గబగబా. తాము ఆగిపోతే ఆ నిశ్శబ్దం అతనికి వినబడుతుందని ముగ్గురికీ ఒకేసారి తట్టింది. ఇక వంతులేసుకుని ఊఁ కొట్టడం మొదలుపెట్టారు.

"తర్వాతా? తర్వాత పంచదార ఫ్యాక్టరీ మూతపడింది. నవ్వకండి, నిజం. అంత పెద్ద పొగగొట్టం చల్లారిపోయింది. ఒక్కడు మానితే ఫ్యాక్టరీ మూతపడుతుందా అంటారేమో, నేను తినే రోజుల్లో ఎంత తినేవాణ్ణో మీకేం తెలుసు! ఓనరు ఇంత పొడుగు కారేసుకుని మా ఇంటికొచ్చాడు. బస్తా పంచదార స్వయంగా నెత్తిన పెట్టుకుని గుమ్మంలో దించాడు. పెయింటరుగారూ, మీరొక్క చెంచా నోట్లో వేసుకుంటే చాలు, వెయ్యి కుటుంబాలు బతుకుతాయి అన్నాడు. చూశాను. బస్తా మూతి విప్పి పంచదార వైపు ఇలా చూశాను, అంతే. నా చూపు తగిలి సిగ్గుతో చితికిపోయి ఉప్పయిపోయిందిరా! బస్తాకు బస్తా ఉప్పు! ఓనరు నాకి చూసుకుని, ఇదీ మంచిదేలే అని ఉప్పు వ్యాపారంలో దిగాడు."

"నమ్ముతున్నాను పెయింటరూ," అన్నాడు తాళాలాయన.

పెయింటరు తల ఎత్తాడు. "ఏంటి తాళాలూ, ఒంట్లో బాలేదా? అడ్డు పడకుండా నమ్మేస్తున్నావ్!"

"నమ్మకేం చేస్తాను," అన్నాడు తాళాలాయన. ఆ గొంతు మామూలుగా లేదు.

పెయింటరుకు ఆ మాటతో ఉషారెక్కింది. వినేవాళ్ళు నమ్ముతున్నారంటే కోసేవాడికి అంతకంటే ఏం కావాలి? గ్లాసు పక్కన పెట్టబోయి, బల్ల అంచు కోసం చేత్తో తడిమి, దొరక్క, మళ్ళీ చేతిలోనే ఉంచుకున్నాడు.

"అసలు లాభం ఇంకా చెప్పలేదు. తీపి మానేశాక నా కళ్ళున్నాయి చూశారూ, అవి తేటపడ్డాయిరా. మా ఆవిడ కళ్ళ డాక్టరు, కళ్ళ డాక్టరు అని చెవినిల్లు కట్టుకుని పోరుతోంది గానీ, ఆ డాక్టరే ఒకరోజు నా దగ్గరికొచ్చి చూపించుకోవాలి. నీళ్ళ ట్యాంకు మీద వాలిన కాకి కంటికి కాటుక పెట్టుకుందో లేదో చెప్పనా? పెట్టుకోలేదు. గోడల్లోంచి కూడా కనబడుతోంది. మా ఆవిడ లాండ్రీ ఎక్కడుంది?"

"మూడు మలుపుల అవతల," అన్నాడు టీ బాబాయి మెల్లగా.

"మూడు మలుపులూ ఇక్కడినుంచే దాటేస్తాను." అతను మెడ చాచి, వీధి అనుకున్న వైపుకు చూపు సారించాడు. అది వీధి కాదు. అది ఆమె. "అదుగో, కనబడుతోంది. కొత్త బోర్డు కింద కూర్చుంది. పైన నంబరు ఎర్రగా మెరుస్తోంది. మా ఆవిడ తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. ముందు కాలరు, తర్వాత చేతులు. ఆవిరి మొహానికి కొడుతుంటే కొంగుతో అద్దుకుంటోంది. అబ్బ, ఆ సబ్బు వాసన, ఇస్త్రీ వాసన, ఇక్కడికొస్తోందిరా, నిజంగా వస్తోంది, నా ముక్కు కూడా తేటపడిపోయింది! ఆవిడ చేతులకెప్పుడూ అదే వాసన."

ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"అలసిపోయింది పాపం," అన్నాడు పెయింటరు, గొంతు కాస్త తగ్గించి. "ఏనాడైనా నాతో చెప్తుందా? నాకు తీపి మాన్పించడానికి తను కూడా చేదు టీ తాగుతుందిరా, నాకు తెలీదనుకుంటుంది. చూడండి, తల ఎత్తింది. నా వైపే చూస్తోంది. ఏదో అనబోతోంది..."

ఎవరూ ఊఁ కొట్టలేదు. పొయ్యి మీద టీ కుతకుతలాడుతోంది. చివరికి సైకిలాయనే "ఏమంటోందన్నా?" అని అడిగాడు.

"ఏమంటోందంటే..."

"ఇంటికి పోదాం పదండి," అంది ఆమె.

అంత దగ్గర నుంచి వచ్చిన గొంతుకు పెయింటరు ఉలిక్కిపడ్డాడు. చేతిలో గ్లాసు ఒలికి టీ మోకాలి మీద పడింది. అతని కళ్ళు ఆమె ఉన్న వైపంతా వెతికాయి, ఆమె భుజం దగ్గర ఆగాయి, అక్కడినుంచి కదల్లేదు. అయినా కోతలవాడు కోతలవాడే. మీసం మీద చెయ్యి వేసుకుని అటుపక్కకు తిరిగి, "చూశార్రా!" అన్నాడు. "కంటితో ఇలా పిలిచానో లేదో, మూడు మలుపులూ దాటి రెప్పపాటులో ఎలా వచ్చిందో!"

ఏ ఒక్కరూ నవ్వలేదు.

"మీరు బకెట్టెత్తి నీళ్ళు తాగుతున్నప్పుడే వచ్చానండీ," అంది ఆమె. "చీమలు సామాను సర్దుకున్నప్పుడు ఇక్కడే, మీ ఎదురుగా ఉన్నాను."

పెయింటరు మీసం మీది చెయ్యి కిందికి జారింది. అతను మనసులో కథ మొత్తం వెనక్కి తిప్పుకుంటున్నాడని ఆమెకు తెలిసిపోయింది. ట్యాంకు, నీడ, చీమలు, ఆ చీమల తర్వాత. బుగ్గ కదలడం ఆగిపోయింది.

"అయితే... అదీ చూశావా?"

"చూశాను."

ఆమె తిడుతుందని అతను ఎదురుచూశాడు. తిట్టలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టినట్టుంది. కుంచెల పెట్టె మూత తీసి, తడుముకుంటూ ఒక్కొక్క చాక్లెట్ బయటికి తీసి, ఆమె ఉందనుకున్న చోట బల్ల మీద పెట్టాడు. కాగితాలు కూడా తీశాడు, పెద్ద ఉండ. ఆ తర్వాత నోట్లోది కూడా తీసి, ఎక్కడ పడెయ్యాలో తెలియక వేళ్ళ మధ్య పట్టుకుని ఉండిపోయాడు. ఆమె కొంగుతో అతని వేళ్ళు తుడిచింది.

"బోర్డు ఎక్కించారా?" అని అడిగాడు అతను, ఇంతసేపు మాట్లాడిన గొంతే కాదన్నట్టు.

"ఎక్కించారు."

"నంబరు..." ఆగాడు. "నంబరు ఎర్రగానే ఉందా?"

ఉందని చెప్పడం ఆమెకు చాలా తేలిక. ఇన్నాళ్ళూ అందరూ అతనికి చెప్తున్నవి అలాంటి మాటలే కదా.

"తెల్లగా ఉందండీ. తెలుపు మీద తెలుపు. కంటికి కనబడదు," అంది. అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "నేను చేత్తో తడిమి చూశాను. ఒక్క అంకె వంకర లేదు."

పెయింటరు తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారి మీసంలోకి దిగాయి, వాటిని తుడుచుకోలేదు. అతను ఏడవడం ఆ కొట్టులో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. తాళాలాయన తన గుత్తిలో ఏదో తాళంచెవి కోసం శ్రద్ధగా వెతుక్కోసాగాడు. టీ బాబాయి మంట తగ్గించాడు.

"నేను బోర్డులు తప్ప ఇంకేం రాయలేనే," అన్నాడు పెయింటరు.

"తెలుసండీ. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్దామంటున్నాను."

"రేపు పొద్దున ఎన్నింటికన్నావు?"

"ఎనిమిదింటికి. నేను సెలవు పెట్టాను."

అతను లేచాడు. నిచ్చెన కోసం చెయ్యి చాపితే సైకిలాయన ముందే అందుకుని, "ఇక్కడే ఉండనీ అన్నా, నేను చూసుకుంటాను," అన్నాడు. తాళాలాయన కుంచెల పెట్టె మూతపెట్టి ఆమె చేతికిచ్చాడు. అది చాలా తేలిగ్గా ఉంది. పెయింటరు గాలిలో తడుముతుంటే ఆమె పక్కకు వచ్చి, అతని చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది. ఇద్దరూ వీధిలోకి దిగారు.

అంత నోరున్న మనిషి మౌనంగా నడుస్తుంటే ఆమెకు పక్కన ఎవరో కొత్తవాళ్ళు ఉన్నట్టనిపించింది. బేకరీ దగ్గరికొచ్చేసరికి లోపలి వాసనకు అతని అడుగు ఒక్క క్షణం తడబడింది. ఆమె భుజం మీది వేళ్ళు బిగుసుకున్నాయి. ఆగలేదు, నడిచాడు.

"ఇదుగో," అన్నాడు కాసేపటికి, ఎవరికీ వినబడకూడదన్నంత మెల్లగా. "మలుపొచ్చినప్పుడు చెప్పవే."

"చెప్తాను," అంది ఆమె.